మెర్సిడెస్ విజయాలు 2010లో మొదలు కాలేదు

సంపాదకులకు నమస్కారం.

మెర్సిడెస్ ఫార్ములా వన్ జట్టు గురించి మీ క్రీడల పేజీలో వచ్చిన వ్యాసం, 2014 నుంచి 2021 వరకు ఆ జట్టు వరసగా ఎనిమిది కన్‌స్ట్రక్టర్స్ టైటిళ్లు, అంటే జట్టుకు ఇచ్చే టైటిళ్లు, గెలిచిన తీరును చక్కగా వివరించింది. అయితే 2010లో ఒక పెద్ద కార్ల కంపెనీ డబ్బు గుమ్మరించడమే ఇందుకు కారణమన్నట్లు రాయడంతో, అంతకు ముందు జరిగిన కృషి అంతా మరుగున పడింది.

ఈ జట్టుకు మూలపురుషుడు ఇంగ్లండ్‌లోని సర్రీ ప్రాంతానికి చెందిన కలప వ్యాపారి కెన్ టిరెల్. తన అడితిలోని షెడ్డు నుంచే జట్టును నడిపిన ఆయన 1970లో సొంత కారు తయారు చేయించారు. జాకీ స్టీవర్ట్ 1971, 1973లలో ఆ జట్టు తరఫునే ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. ఆరు చక్రాల కారుతో 1976 స్వీడన్ రేసులో మొదటి రెండు స్థానాలూ దక్కించుకున్నదీ వీరే. 1998 సీజన్‌తో టిరెల్ పేరు కనుమరుగైంది. జట్టును కొన్న సిగరెట్ల కంపెనీకి కావలసింది ప్రధానంగా పోటీలో పాల్గొనే హక్కే కాబట్టి, దీన్ని వారసత్వం అనవచ్చా అని ఎవరైనా అడిగితే కాదనలేను.

మెర్సిడెస్ ఫార్ములా వన్ కార్లు తయారయ్యే, ఇంగ్లండ్‌లోని బ్రాక్లీ ఫ్యాక్టరీ విషయంలో మాత్రం ఆ సందేహానికి తావు లేదు. ఆ సిగరెట్ల కంపెనీ అక్కడి నుంచి బార్ పేరుతో 1999లో బరిలోకి దించిన జట్టుకు ఆ ఏడాది ఒక్క పాయింటు కూడా రాలేదు. తర్వాత హోండా చేతికి వచ్చాక, మూడేళ్లలో గెలిచింది 2006 హంగరీ రేసు ఒక్కటే. అయినా, ఫెరారీలో పేరు తెచ్చుకున్న రాస్ బ్రాన్ సారథ్యంలో 2008 కారుపై ఆశ వదులుకుని, కొత్త నిబంధనలు రానున్న 2009 కారుపైనే దృష్టి పెట్టడం అసలైన మలుపు. ఆర్థిక మాంద్యం వల్ల హోండా 2008 డిసెంబరులో తప్పుకోగా, బ్రాన్ నామమాత్రంగా ఒక్క పౌండుకు జట్టును తీసుకున్నారు.

కారు కింది నుంచి వచ్చే గాలి వెనక ఉన్న డిఫ్యూజర్ (వెనక్కి పోయే కొద్దీ విశాలమయ్యే గాలి మార్గం) గుండా ఎంత ధారాళంగా బయటికి పోతే, కారు అంత గట్టిగా ట్రాకును కరుచుకుంటుంది. ఆ మార్గాన్ని 2009 నిబంధనలు కుదించినప్పుడు, బ్రాన్ జట్టు వారు దానిపైన రెండో అంతస్తు కట్టి, అడుగు పలకలోని సందుల నుంచి గాలిని అందులోకి మళ్లించారు. మరో రెండు జట్లు కూడా ఈ దారి పట్టాయి. ప్రత్యర్థుల ఫిర్యాదు అప్పీలులో నిలవలేదు. హోండా ఇంజిన్ కోసం రూపొందిన కారులో ఆఖరి వారాల్లో మెర్సిడెస్ ఇంజిన్ అమర్చుకుని, ఆ ఏడాది 17 రేసుల్లో 8 గెలిచి, జెన్సన్ బటన్ డ్రైవర్ టైటిల్‌తో పాటు జట్టు టైటిల్ కూడా సాధించారు.

ఆ తర్వాత కొత్త యజమాని మెర్సిడెస్ హయాంలో మొదటి మూడేళ్లలో దక్కిన గెలుపు 2012 చైనా రేసు ఒక్కటే. ఇంజిన్ పొగతో తిరిగే టర్బైన్‌ను, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే కంప్రెసర్‌ను ఇంజిన్‌కు చెరో చివర అమర్చిన 2014 హైబ్రిడ్ ఇంజిన్ ఘనత నిస్సందేహంగా మెర్సిడెస్‌దే. పంట చేతికొచ్చే నాటికి బ్రాన్ జట్టులో లేరు.

వ్యాసంతో ఇచ్చిన టైటిళ్ల పట్టికలో 2009 లేదు. అదే ఫ్యాక్టరీలో తయారైన కారుకు దక్కిన టైటిల్ కనుక, బ్రాన్ జట్టు పేరుతో ఆ వరసను చేర్చి పట్టికను మళ్లీ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు