'ఇప్పుడే వద్దు' అన్న మేడమ్‌కు

మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా పాపకు కుడి చెవి ముందర బొల్లి, అదే తెల్ల మచ్చ, మొదలైనప్పుడు 13 ఏళ్లు. చింతాకంత మచ్చ ఆరు నెలల్లో దవడ దాకా పాకి అక్కడ నిలిచింది. "చేపల కూర తిని పెరుగు పోసుకునింది, అందుకే" అనింది మా అవ్వ. నాగదోషం అన్నోళ్లూ ఉన్నారు. ఒకాయన బావంచాలనే గింజల నూనె రాసి ఎండలో కూర్చోబెట్టమన్నాడు. అరగంట కూర్చోబెట్టినా. మర్నాటికి చెంపంతా బొబ్బలు. బావంచాల్లో ఉండే మందును ఆసుపత్రుల్లోనూ వాడతారంట, కాకపోతే మోతాదు చూసి, వెలుగు కూడా కొలిచి. నేను కొలిచిందేముంది, ఆ పాపం నాదే.

తిరుపతిలో పెద్దాసుపత్రి చర్మ విభాగం మేడమ్‌ను మొదటిసారి అడిగింది ఒకటే: "ఆపరేషన్ చేసేయండమ్మా." ఆమె ఇప్పుడే వద్దన్నారు. ఏడాది పాటు మచ్చ పెరక్కుండా, ఇంకెక్కడా కొత్తది లేవకుండా ఉంటేనే వేరే చోట నుంచి మంచి చర్మం తీసి నాటాలంట. ఇంకా పాకతా ఉండే బొల్లి మీద గాటు పెడితే నాటింది నిలవదు, పైగా చర్మం తీసిన చోట కూడా తెల్లబడొచ్చునంట. అంతవరకు పూత మందు, నెలకో ఫోటో.

బస్టాండు దాకా ఆమెను తిట్టుకుంటానే వచ్చినా. దుడ్లు లేనోళ్లమని తిప్పిస్తా ఉందని పైకే అన్నా. ఆ మాట అన్నది నలుగురి ముందరే, అందుకే ఇదీ నలుగురి ముందరే రాస్తున్నా. తప్పయిపోయింది మేడమ్.

మచ్చ పక్కన రూపాయి బిళ్ళ పట్టుకుని, అదే గోడ ముందర, 12 ఫోటోలు తీసినాం. మచ్చ కదల్లేదు. అయినా ఒకేసారి చెయ్యలేదు. ముందు నాలుగు చర్మం ముక్కలు నాటి మూడు నెలలు చూసినారు. వాటి చుట్టూ రంగు పాకినాకే సరే అన్నారు.

ఆ రోజు నన్ను పాప కాళ్ల దగ్గర నిలబడనిచ్చిన సిస్టరమ్మకు దండం. తొడ పక్కన తిమ్మిరి సూది వేసి, పెన్ను లాంటి పరికరంతో గుండ్రంగా ముక్కలు తీసినారు. ఒక్కోటి ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. ఉప్పునీళ్ల గిన్నెలో నువ్వుగింజల్లా ఉన్నాయి. చెంప మీద అరసెంటీమీటరుకొకటి గుంట చేసి, ఒక్కో గింజనూ అందులో పెట్టి దూదితో అదిమినారు. ఇంత సందెందుకని అడగబోయి ఆగినా. వరి నాటేటప్పుడు మనమూ దుబ్బుకూ దుబ్బుకూ సందు వదుల్తాం కదా, పిలకలేసి అవే కమ్ముకుంటాయి. ఇక్కడా అంతే, రంగు ముక్క నుంచి చుట్టూ పాకుతుంది. మొత్తం 22 నాటినారు.

వారం రోజులు దవడ కదలకూడదన్నారు. సంగటి మింగేదే కదమ్మా, నమిలేది లేదు కదా అంటే దానికీ ఒప్పుకోలా. జావే. ఎనిమిదో రోజు కట్టు విప్పితే రెండు ముక్కలు గుడ్డతోనే వచ్చేసినాయి. నా గుండె జారింది. "20 పట్టుకున్నాయి చూడమ్మా" అన్నారు చిన్న డాక్టరు, ఇంకా చదువుకుంటా ఉండే అబ్బాయి. ఆ బిడ్డ చల్లగా ఉండాల.

తర్వాత వారానికి రెండు రోజులు, రంగు తెప్పించే ప్రత్యేకమైన లైటు కింద నిలబడడం. రెండో నెలకు కాఫీపొడి చల్లినట్టు చుక్కలొచ్చినాయి. ఇప్పుడు అయిదు నెలలు, చుక్కలన్నీ కలిసిపోయినాయి. రంగు ఒక పిసరు ముదురు, వేలితో తడిమితే గరుకు తగుల్తుంది. అది ముందే చెప్పినారు.

ఆసుపత్రికి పోయిన ప్రతిసారీ మా ఆవులకు పాలు పిండిన పక్కింటి వదినకు, వచ్చేటప్పుడు బాడుగ తీసుకోని ఆటో అన్నకు, పాప రాలేని రోజుల పాఠాలు రాసి పంపిన స్నేహితురాలికి కూడా ఎంత చెప్పినా తక్కువే.

అవ్వ మాత్రం చేపలు వండిన రోజు పెరుగు చట్టి ఇప్పటికీ అటక మీదే దాస్తా ఉంది.