నివేదిక మొత్తం తెలుగులో ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పెద్ద ప్రాజెక్టులకు అనుమతులు త్వరగా రావాలని చాలామంది రాస్తున్నారు. రావాల్సిందే. మంచి రోడ్డు పడితే మాకూ సంతోషమే. కానీ ఆలస్యమంతా రైతుల అభ్యంతరాల వల్లే అనే మాట నాకు మింగుడు పడడం లేదు. నేను సర్కారు బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను, మూడెకరాల వ్యవసాయం ఉంది. కళ్లారా చూసింది రాస్తున్నాను.

మా మండలం మీదుగా వెళ్లే ఒక రహదారికి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. అంతకు వారం ముందు పర్యావరణ నివేదిక చూద్దామని ఆఫీసుకు వెళ్తే, మూడు లావుపాటి ఇంగ్లిష్ పుస్తకాలు బల్ల మీద పెట్టారు. జిరాక్స్ ఇవ్వరట, అక్కడే కూర్చుని చూసుకోవాలి. తెలుగులో ఉన్నది పల్చటి సారాంశం ఒక్కటే. నాతో వచ్చిన పక్క చేను రైతు పేజీలు తిప్పీ తిప్పీ మ్యాపు దగ్గర ఆగి, "సారూ, మన కాలువేదీ ఇందులో?" అన్నాడు. పై చెరువు మత్తడి దుంకితే నీళ్లు కింది చెరువుకు వచ్చేది ఆ కాలువలోనే. అది ఉన్నచోట ఖాళీ జాగా చూపించారు. ఎండాకాలం వచ్చి చూసిపోయినట్టున్నారు. అక్కడ రోడ్డు కట్ట అడ్డం పడితే కింది చెరువు నిండదు. చెరువు నిండకపోతే దాని చుట్టూ ఉన్న బోర్లు పోయవు.

సభలో మైకు అందుకుని ఇదే చెప్పాను. "నోట్ చేసుకున్నాం, కూర్చోండి" అన్నారు. తర్వాత మినిట్స్, అంటే సభలో ఎవరేమన్నారో రాసిన రికార్డు, చూస్తే 'స్థానికులు నీటి సమస్యను ప్రస్తావించారు' అని ఒక్క లైను. ఏ కాలువ, ఏ సర్వే నంబరు, ఏమీ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పర్యావరణ అనుమతులపై 2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం సభకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభ చివర మినిట్స్ స్థానిక భాషలో చదివి వినిపించాలి. జనం లేవనెత్తిన అంశాలకు ప్రాజెక్టు వాళ్ల జవాబులనూ అదే భాషలో జతచేయాలి. కానీ నివేదిక విషయానికొస్తే, స్థానిక భాషలో సారాంశం ఇస్తే చాలంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. 2020లో ఈ నోటిఫికేషన్ స్థానంలో తేవాలనుకున్న కొత్త నోటిఫికేషన్ ముసాయిదాలో 30 రోజుల్ని 20కి కుదించాలన్నారు. అప్పుడు ఢిల్లీ హైకోర్టు ఆ ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించమని ఆదేశించింది. ముసాయిదాకు అవసరమైన తెలుగు, మా పొలాల మీదుగా పోయే రోడ్డు నివేదికకు ఎందుకు అక్కర్లేదు?

జాతీయ రహదారి అయితే భూమి తీసుకునేది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద. ఫలానా భూమి తీసుకోబోతున్నామని చెప్పే 3ఏ నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 21 రోజులే. 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ మదింపు, అంటే భూమి పోతే జనం బతుకులు ఏమవుతాయో ముందే లెక్కగట్టడం, దీనికి వర్తించదు. పేపర్లో చిన్న అక్షరాల్లో పడిన పట్టికలో తన సర్వే నంబరు ఉందో లేదో వెతుక్కునేసరికే రైతుకు సగం గడువు అయిపోతుంది.

సంస్కరణ అంటే రోజులు తగ్గించడం ఒక్కటే కాకూడదు. అలైన్‌మెంట్ ఖాయం చేశాక కాదు, ఇంకా రెండు మూడు దారులు పరిశీలనలో ఉండగానే ఊరికి రండి. వానాకాలంలో ఒకసారి మాతో నడవండి. ఆ కాలువ మీద వంతెన ఎక్కడ కావాలో మా ఊళ్లో పశువులు కాసే పిల్లవాడు కూడా చూపిస్తాడు. అప్పుడు అది డ్రాయింగులో చిన్న మార్పుతో పోతుంది. రోడ్డు కట్ట పోశాక అయితే ధర్నాలు, కోర్టు కేసులు, ఏళ్ల తరబడి టెన్షన్. ఆలస్యం అంటే అదీ.

నివేదిక మొత్తాన్ని, సర్వే నంబర్లు వేసిన మ్యాపుతో సహా, తెలుగులో మా పంచాయతీ ఆఫీసులో పెట్టించండి. చదువు రానివాళ్లకు సాయంత్రం పూట నేను కూర్చుని చదివి వినిపిస్తాను.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు