ఏఎన్ఎం చదువుకు ఆసుపత్రి వార్డును దగ్గర చేయండి: వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. నేను కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో మొదట ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎంగా, అంటే పల్లెల్లో టీకాలు వేసి, తల్లీబిడ్డలను చూసుకునే సహాయక నర్సుగా పనిచేసి, తర్వాత ఆరు నెలల పదోన్నతి శిక్షణ పూర్తి చేసుకొని ఆరోగ్య పర్యవేక్షకురాలినై, రెండేళ్ల క్రితం పదవీ విరమణ చేశాను. జీతాలు, బదిలీల గురించి రాయడానికి సంఘాలున్నాయి కాబట్టి వాటి జోలికి పోను. ఏఎన్ఎం కావాలని చదువుకుంటున్న మా ప్రాంతపు ఆడపిల్లలకు పాఠం చెవికి అందుతోంది గాని పని చేతికి అందడం లేదని, ఆ లోటు తీర్చడం మీ శాఖకు సాధ్యమేనని విన్నవించుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మన రాష్ట్రంలో ఒక అమ్మాయి ఏఎన్ఎం కావడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఇంటర్మీడియట్ పూర్తిచేసి, గుర్తింపు పొందిన శిక్షణ పాఠశాలలో రెండేళ్లు చదవడం మొదటి దారి. అందులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. పదో తరగతి కాగానే ఇంటర్ వొకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ ఫిమేల్ (బహుళ ప్రయోజన మహిళా ఆరోగ్య కార్యకర్త) కోర్సు తీసుకొని, ఆ రెండేళ్లు ముగిశాక ప్రభుత్వం నిర్దేశించిన ఆసుపత్రిలో ఏడాది పాటు క్లినికల్ శిక్షణ పొందడం రెండో దారి. ఏ దారిన వచ్చినా రాష్ట్ర నర్సింగ్ మండలిలో పేరు నమోదైతేనే ప్రభుత్వ కొలువుకు అర్హత. మండలికి ఆధారమైన చట్టం 1926లో, మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు వచ్చినది. దేశస్థాయిలో 1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం వచ్చింది. చట్టాలు మారుతున్న ఈ సమయమే శిక్షణ సంగతిని మీ ముందు పెట్టడానికి తగినదనిపించింది.

వొకేషనల్ దారిని కొందరు అధికారులు చిన్నచూపు చూస్తారు. నేను చూడను. ఆలూరు, హొళగుంద, కోసిగి మండలాల్లో పదో తరగతి దాటిన ఆడపిల్లను చదువులో నిలబెట్టగలిగిన కోర్సుల్లో అది ఒకటి. మూడేళ్లలో చేతికి పని వస్తుందంటే కూలి చేసుకునే తండ్రి కూడా సరేనంటాడు.

నేను 1983లో జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ శిక్షణ పాఠశాలలో చేరాను. అప్పుడు మా కోర్సు 18 నెలలు. చదివిన పుస్తకాలు తక్కువే, ఇప్పటి పిల్లలకు తెలిసినంత శరీర శాస్త్రం మాకు తెలియదు. అయితే హాస్టల్ ఆసుపత్రి ఆవరణలోనే ఉండేది. రాత్రి రెండు గంటలకు కాన్పు గదిలో కేసు ఉందంటే ట్యూటరమ్మ మమ్మల్ని లేపి తీసుకుపోయేది. మొదటి ఐదు కాన్పులూ చేతులు కట్టుకొని చూడాలి, మాట్లాడకూడదు. ఆ తర్వాత ఆమె చెయ్యి మా చేతి మీద ఉండగా మేము చేయాలి. చాలా రోజులకు గాని ఆమె తన చెయ్యి తీసేది కాదు. మాయ విడివడేదాకా తొందరపడి బొడ్డుతాడు లాగకూడదన్న సంగతి నాకు పుస్తకం నేర్పలేదు. లాగబోయిన నా మణికట్టు మీద పడిన దెబ్బ నేర్పింది. కొట్టి నేర్పమని నేను అడగడం లేదు, ఆ చెయ్యి పక్కన ఉండాలని అడుగుతున్నాను.

2005లో రెండు మార్పులు వచ్చాయి. ఆసుపత్రిలో కాన్పుకు నగదు సాయం చేసే జననీ సురక్షా యోజన ఆ ఏడాదే మొదలైంది. 108 అంబులెన్సులూ ఆ ఏడాదే రోడ్డెక్కాయి. ఇళ్లలో, ఉపకేంద్రాల్లో జరిగే కాన్పులు పెద్దాసుపత్రులకు మళ్లాయి. తల్లీబిడ్డల ప్రాణాలకు అది మేలు చేసింది, అందులో వాదనకు తావు లేదు. కాని ఏఎన్ఎంకు పని నేర్పిన పాత బడి దాంతోనే మూతపడింది. గ్రామంలో కాన్పులు చేయని సీనియర్ దగ్గర జూనియర్ ఏం నేర్చుకుంటుంది? కేంద్ర ప్రభుత్వానికీ ఈ సంగతి తెలుసు. అందుకే ఉద్యోగంలో ఉన్న ఏఎన్ఎంలకు కాన్పుల నైపుణ్యం కోసం 21 రోజుల ప్రత్యేక శిక్షణ పెట్టింది. రెండేళ్ల కోర్సు పూర్తిచేసిన మనిషికి మళ్లీ మూడు వారాలు అదే నేర్పవలసి వచ్చిందంటే, ఆ రెండేళ్లలో ఏది జరగలేదో వేరే చెప్పనక్కర్లేదు.

కాన్పులు తగ్గాయి కనుక ఆ విద్య ఏఎన్ఎంకు ఇక అవసరం లేదని ఒక సమావేశంలో ఒకరు అనగా విన్నాను. ఆదోని దారిలో ఆటోలోనే నొప్పులు ముదిరిన తల్లిని వారు చూసి ఉండరు. బిడ్డ పుట్టిన నిమిషంలోపు, కడుపులో మరో బిడ్డ లేదని నిర్ధారించుకొని, అధిక రక్తస్రావం కాకుండా తల్లి తొడకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వాలి. ఏడవని బిడ్డకు ఆ మొదటి నిమిషంలోనే బ్యాగు, మాస్కు పెట్టి ఊపిరి అందించాలి. ఫిట్స్ వచ్చిన గర్భిణిని పెద్దాసుపత్రికి పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదుగా ఒక్కో పిరుదుకు 5 గ్రాముల చొప్పున ఇచ్చే అధికారాన్ని ప్రభుత్వమే ఏఎన్ఎంకు ఇచ్చింది. అధికారం కాగితం మీద ఉంది. ఆ మందును ఒక్కసారైనా సిరంజిలోకి తీసిన పిల్లలు ఎందరున్నారో మీరు ఏ శిక్షణ పాఠశాలకైనా చెప్పకుండా వెళ్లి అడిగి చూడండి.

నాకు బాగా గుర్తున్న సంఘటన ఒకటుంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చినప్పుడు కొత్తగా చాలామంది ఏఎన్ఎంలు ఉద్యోగాల్లో చేరారు. ఒక బుధవారం టీకాల రోజున నేను పర్యవేక్షణకు వెళ్లాను. కొత్తగా చేరిన అమ్మాయి ఎంతో శ్రద్ధ గలది, రిజిస్టరు ముత్యాల్లా రాసింది, వ్యాక్సిన్ క్యారియర్‌లో ఐస్ ప్యాకులు సరిగ్గా అమర్చింది, సీసా తెరిచిన సమయం దాని మీద వేసింది. పది రోజుల బిడ్డకు బీసీజీ (క్షయ రాకుండా వేసే టీకా) వేయాల్సి వచ్చినప్పుడు ఆమె చెయ్యి ఆగిపోయింది. బీసీజీ తెలిసినవారికి ఆ కష్టం తెలుస్తుంది: నెలలోపు బిడ్డకు 0.05 మిల్లీలీటరు, అది కూడా చర్మం పొరల మధ్యకు మాత్రమే వెళ్లాలి. సూది సరిగ్గా పడితే అక్కడ చిన్న బొబ్బలా, నారింజ తొక్కలా లేస్తుంది, లోతుకు పోతే ఏమీ లేవదు. ఆ అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, "మేడమ్, చదువుకునేటప్పుడు ఒక్కసారి కూడా వేయలేదు, వేస్తుంటే వెనక నిలబడి చూశాను" అంది. ఆమె నిజాయతీకి నేను సంతోషించాను. ఆ బిడ్డకు నేనే వేసి, తర్వాతి నాలుగు వారాలు పక్కన కూర్చొని ఆమె చేత వేయించాను. ఐదో వారం నా అవసరం లేకపోయింది. నాలుగు బుధవారాల్లో పట్టుబడిన పని రెండేళ్లలో ఎందుకు పట్టుబడలేదన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు.

వెనక నిలబడి చూడడం ఎందుకు జరుగుతుందో కూడా నేను కళ్లారా చూశాను. ఒక బోధనాసుపత్రి కాన్పు గదిలో ఒకే మంచం చుట్టూ వైద్య విద్యార్థులు, బీఎస్సీ నర్సింగ్ వాళ్లు, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లు నిలబడ్డాక ఏఎన్ఎం పిల్లకు దక్కే చోటు తలుపు దగ్గరే. చివరికి రికార్డు రాయవలసిన రోజు వస్తుంది. నిర్దేశించినన్ని కాన్పు కేసులు రికార్డులో చూపించాలి, చేసినవి అన్ని ఉండవు. పైఏడాది అక్క రికార్డు చూసి తల్లి పేరు, తేదీ మార్చి రాస్తారు. పరీక్షకు వచ్చినవారు చేతిరాత చూసి సంతకం పెడతారు. ఈ అబద్ధానికి పిల్లలను తప్పు పట్టలేను, ఆ అంకె నిండకపోతే వారికి పరీక్ష లేదు.

మా చెల్లెలి కూతురు మెల్‌బోర్న్‌లో ఎన్‌రోల్డ్ నర్సు చదువు చదివింది. మన ఏఎన్ఎం పని, వారి పని ఒకటి కాదు. వారు ఎక్కువగా ఆసుపత్రుల్లోనూ వృద్ధాశ్రమాల్లోనూ రిజిస్టర్డ్ నర్సు పర్యవేక్షణలో పనిచేస్తారు. అయినా రెండో స్థాయి నర్సు అన్న మాట రెండిటికీ సరిపోతుంది. అక్కడ డిప్లొమాలో కనీసం 400 గంటలు రోగుల మధ్య పనిచేసి చూపించాలట, బొమ్మ మీద సాధన చేసిన గంటలు ఆ లెక్కలోకి రావట. "పెద్దమ్మా, ఒక్క గంట తగ్గినా సర్టిఫికెట్ ఇవ్వరు" అని ఫోనులో విసుక్కుంది. ఆ విసుగు విని నాకు అసూయ కలిగిందని ఒప్పుకుంటున్నాను.

అందువల్ల నేను మిమ్మల్ని మొదటగా కోరేది ఇది. ఏఎన్ఎం, ఎంపీహెచ్‌డబ్ల్యూ విద్యార్థినులను బోధనాసుపత్రుల మీదే రుద్దకుండా, ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వంటి చోట్ల ఉన్న ప్రభుత్వాసుపత్రులకు చిన్న చిన్న బృందాలుగా పంపండి. అక్కడ సాధారణ కాన్పులు జరుగుతాయి, మంచం చుట్టూ గుంపు ఉండదు, వచ్చే తల్లులు ఈ పిల్లల ఊళ్లవారే, మాటా యాసా ఒకటే. అనంతపురం జిల్లాలో గుంతకల్లు, కడప జిల్లాలో ప్రొద్దుటూరు వంటి చోట్లనూ ఇదే పద్ధతి పెట్టవచ్చు. పిల్లలను పంపితే సరిపోదు, అక్కడి స్టాఫ్ నర్సుల్లో ఒకరికి నేర్పే బాధ్యతను ఉత్తర్వులో రాసి, దానికి కొంత భత్యం ఇవ్వాలి. ముప్పై మంది రోగులున్న వార్డు చూసుకునే సిస్టరును ఊరికే నేర్పమనడం న్యాయం కాదు. కాన్పులు పగలు డ్యూటీ వేళల్లోనే రావు గనుక రాత్రి ఉండడానికి తాళం పడే గది, మరుగుదొడ్డి, కాపలా కావాలి. అవి లేకపోతే ఏ తల్లీ తన కూతుర్ని రాత్రి డ్యూటీకి పంపదు, పంపకూడదు కూడా.

రికార్డు పుస్తకం స్థానంలో పనుల జాబితా ఉండాలి. బీసీజీ, రక్తపోటు, హిమోగ్లోబిన్, పొట్ట మీద చెయ్యి పెట్టి బిడ్డ తల ఎటుందో చెప్పడం, కాన్పు, బ్యాగు మాస్కు: ప్రతి పనినీ పక్కన నిలబడి చూసిన నర్సు సంతకం చేయాలి, చివరి పరీక్షకు వేరే ఆసుపత్రి నుంచి వచ్చినవారు వాటిలో కొన్నింటిని మళ్లీ చేయించి చూడాలి. అంకె తగ్గిన పిల్లను ఫెయిల్ చేయకుండా ఆ పనులు నిండేవరకు వార్డులో ఉంచాలి.

భాష గురించి ఒక్క మాట. అంతా తెలుగులోనే చెప్పమని నేను కోరను, ఎందుకంటే మందు సీసా మీద తెలుగు ఉండదు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లకు సీసా చదవడం, లెక్క కట్టడం తెలుగులో వివరించి నేర్పాలి. పది కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన పారాసిటమాల్ 150 మిల్లీగ్రాములు కావాలి. 5 మిల్లీలీటర్లలో 125 ఉన్న సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, అదే 250 ఉన్న సిరప్ అయితే 3. పెట్టెల రంగు ఒకేలా ఉంటుంది. ఈ లెక్కను నేను సమీక్ష సమావేశాల్లో అడిగినప్పుడల్లా నిశ్శబ్దమే జవాబు, అది తెలివి తక్కువై కాదు, ఎవరూ ఎప్పుడూ నిజమైన సీసా చేతికిచ్చి అడగకపోవడం వల్ల. నమోదైన ఏఎన్ఎంకు మూడేళ్ల జీఎన్ఎంలో చేరే అర్హత ఎలాగూ ఉంది, ఈ పునాది గట్టిగా ఉన్న పిల్ల అక్కడా తడబడదు.

ఇక చివరిది, అన్నింటికన్నా అత్యవసరమైనది. వొకేషనల్ పూర్తిచేసిన పిల్లలకు ఏడాది క్లినికల్ శిక్షణకు ఆసుపత్రి ఎప్పుడు కేటాయిస్తారన్నది ఒక నిర్ణీత తేదీ ప్రకారం జరగాలి. ఆ ఏడాది పూర్తికానిదే నమోదు లేదు, నమోదు లేనిదే ఉద్యోగానికి దరఖాస్తు లేదు. ఎదురుచూడలేని పిల్లలు ఏ నర్సింగ్‌హోమ్‌లోనో తక్కువ జీతానికి తెల్లకోటు వేసుకొని చేరిపోతారు, అక్కడే ఆగిపోతారు.

మా ఊరికి దగ్గరలో అలా ఎదురుచూస్తున్న అమ్మాయి ఒకరున్నారు. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని వారానికోసారి నా దగ్గరకు వచ్చి, "ఏమైనా తెలిసిందా అమ్మా?" అని అడిగి వెళుతుంది. మా పశ్చిమ మండలాల్లో దీపావళి దాటితే చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీతకు, తర్వాత మిరప కోతకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు పోయి, ఉగాదికి గాని తిరిగి రారు. ఇంట్లో ఖాళీగా ఉన్న ఆడపిల్లను ఒంటరిగా వదిలి పోలేరు గనుక వెంట తీసుకుపోతారు, లేదంటే పోయేలోపు పెళ్లి చేస్తారు. కాబట్టి కేటాయింపు ఉత్తర్వులు ఏటా దసరాకు ముందే వెలువడేలా, పిల్లలు దీపావళిలోపే వార్డుల్లో చేరేలా ఆదేశించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
ఆదోని ప్రాంతం, కర్నూలు జిల్లా