పాత టీవీ ఎవరికివ్వాలి?

నెల్లూరులో పాడైన టీవీలు, ఫోన్లు, ఏసీలు వెనక్కి తీసుకునే దిక్కే లేదు, కంపెనీలు ప్రభుత్వానికిచ్చే లెక్కల్లో (రిటర్నుల్లో) మాత్రం రీసైక్లింగ్ టార్గెట్ పూర్తని చూపించుకోవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ (పాడైన కరెంటు, ఎలక్ట్రానిక్ సామాన్ల) రూల్స్ ప్రకారం తయారీదారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వాలి, ఎన్నో ఏళ్ల కింద అమ్మిన సరుకు బరువులో 2025-26కి 70 శాతం రీసైకిల్ అయినట్టు చూపించాలి, కానీ రీసైక్లర్ దగ్గర ఇంత చెత్త రీసైకిల్ చేశామనే సర్టిఫికెట్లు కొనుక్కుంటే సరిపోద్ది, ఆ చెత్త మన ఊరిదే అయ్యుండాలని ఏం లేదు. ట్రంకు రోడ్డులో ఒక షోరూంలో అడిగితే కొత్తది కొంటేనే పాతది తీసుకుంటాం అన్నారు. ఇంక అంతా పాత సామాన్ల బండికే పోతోంది, ఏసీ గ్యాస్ బుస్సుమని గాల్లోకి వదిలేసి రాగి గొట్టం పీక్కుంటారు, పెన్నా ఒడ్డున వైర్లు తగలబెట్టి రాగి తీస్తుంటారు, ఆ నల్లపొగకి గొంతు మండిపోద్ది. వాళ్లననేం లాభం, పొట్టకూటి కోసం చేస్తున్నారు. అందుకే కంపెనీలు ఆ బండివాళ్ల దగ్గరే కిలోకింత అని మంచి రేటిచ్చి, సామాను విప్పకముందే కొనాలి, వార్డు సచివాలయాల్లో నెలకో రోజు కలెక్షన్ పెట్టాలి, రిటర్నుల్లో జిల్లాల వారీగా ఎంత సేకరించారో రాయాలి, ఆ లెక్క పొల్యూషన్ బోర్డు జనానికి కనపడేట్టు పెట్టాలి.

– ఒక పాఠకుడు, స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు