టమాటా తోటకు గంజాయి మొక్క సలహా: ఆకులు తీయించిన మీ యాప్ మీద ఫిర్యాదు

మదనపల్లె,
9 మే 2025

రైతు సలహా విభాగం మేనేజర్ గారికి,

విషయం: పూత మొదలైన 21వ రోజున టమాటా ఆకులు తీసేయమని మీ యాప్ ఇచ్చిన తప్పుడు సలహా, దానివల్ల జరిగిన పంట నష్టం గురించి.

నమస్కారం. నేను మదనపల్లె దగ్గర ఎకరం పొలంలో టమాటా పండిస్తాను. పదహారేళ్లుగా ఇదే పంట. నిరుడు దీపావళికి ముందు మీ మనిషి ఒకతను మా ఊరికి వచ్చాడు. ఏడాదికి 2,400 రూపాయలు కడితే ఏ రోజు ఏ పని చేయాలో ఫోన్‌కే వస్తుందని చెప్పి యాప్ వేసిచ్చాడు. డ్రిప్‌లో ఎరువు ఎప్పుడు వదలాలి, వాన ఎప్పుడు పడేలా ఉంది లాంటివి బాగానే ఉపయోగపడ్డాయి. అది కాదనను. ఆ నమ్మకం ఉండబట్టే మార్చి 29న మీరు చెప్పిన పని మారు మాట్లాడకుండా చేశాను.

నారు నాటింది ఫిబ్రవరి 6న. మార్చి 8కి పూత కనిపించింది. ఆ తేదీ యాప్‌లో నేనే ఎక్కించాను. సరిగ్గా 21 రోజులకు మెసేజ్ వచ్చింది: "ఈ రోజు పెద్ద ఆకులన్నీ తీసేయండి. బలం కాయకు వెళ్తుంది, దిగుబడి పెరుగుతుంది." కింద నాలుగు నిమిషాల వీడియో. మా అత్త చూసి, "ఎండలు ముదిరే ముందు చెట్టుకు బట్టలిప్పుతారా ఎవరైనా?" అంది. చదువుకున్నవాళ్లు చెప్తున్నారు కదా అని నేనే ఆమెకు సర్ది చెప్పాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

మనిషికి 400 చొప్పున ఎనిమిది మంది ఆడకూలీలను పిలిచాను. రెండు రోజులకు 6,400 రూపాయలు. తోటలో మొత్తం 40 సాళ్లు. రెండో రోజు మధ్యాహ్నం కూలీల్లో ఒకామె ఇంట్లో ఎవరికో బాగాలేదని కబురొచ్చి అందరూ తొందరగా వెళ్లిపోయారు. అప్పటికి 33 సాళ్లు అయ్యాయి. పడమర గట్టు పక్కన 7 సాళ్లు ముట్టుకోకుండా మిగిలాయి. మర్నాడు పిలవడానికి చేతిలో డబ్బు లేదు. అలా మిగిలిపోవడం వల్లనే ఈ రోజు మీకు లెక్కతో సహా రాయగలుగుతున్నాను. ఒకే నారు, ఒకే నీరు, ఒకే ఎరువు, ఒకే రోజు మందు. తేడా ఆకులు తీయడంలోనే.

తీసిన వారానికే కాయల మీద తేడా కనిపించింది. పచ్చికాయకు పడమటి వైపు, అంటే మధ్యాహ్నం ఎండ తగిలే వైపు, ముందు లేత పసుపు మచ్చ. రెండు మూడు రోజులకు అది తెల్లబడింది. వేలితో నొక్కితే అక్కడ మాత్రం లోపలికి దిగేది. ఆ చోట తోలు ఎండిన కాగితంలాగా పలచబడి, ముడత పడింది. అదే కాయను తిప్పి చూస్తే రెండో వైపు నున్నగా, ఆకుపచ్చగా ఉంది. కొన్నిటికి ఆ మచ్చ మీద నల్లటి బూజు కూడా పట్టింది. మా వైపు దీన్ని ఎండదెబ్బ అంటాం. పదహారేళ్లలో అక్కడక్కడా ఒకటి రెండు కాయలకు చూశాను గానీ, సాలు పొడవునా చూడటం ఇదే మొదలు.

రెండో కోత నాటి లెక్క చెప్తాను. ఆకులు తీయని 7 సాళ్లలో 18 బాక్సులు వచ్చాయి, అందులో మచ్చ కాయలు ఒక్క బాక్సు. ఆ లెక్కన 33 సాళ్లకు 85 బాక్సులు రావాలి. వచ్చినవి 66. అందులో 21 బాక్సులు మచ్చ కాయలే. మార్కెట్ యార్డులో మండీ గుమాస్తా ఒక బాక్సు కింద ఒలకబోసి, రెండు కాయలు చేతిలోకి తీసుకుని, "అక్కా, ఇవి మూడో రకానికి కూడా రావు" అన్నాడు. ఆ 21 బాక్సులూ వెనక్కి తెచ్చి ఆవులకు వేశాం. మిగిలిన కాయల్లో కూడా చాలావాటికి ఎరుపు తిరగలేదు, నారింజ రంగులోనే ఆగిపోయాయి. కాయకు 30 డిగ్రీలు దాటి వేడి తగులుతూ ఉంటే ఎర్ర రంగు సరిగా ఊరదని రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకురాలు చెప్పింది. ఆ వేడి తగలకుండా కాయకు గొడుగు పట్టేది ఆకే. దాన్నే నేను డబ్బిచ్చి పీకించాను.

మీ కస్టమర్ కేర్‌కు ఏప్రిల్ 16న ఫోన్ చేశాను. అటువైపు అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఫొటోలు పంపమంది, పంపాను. మర్నాడు జవాబు వచ్చింది: "మీ తోటలో పోషకాల లోపం ఉంది, మా ఆకు టానిక్ లీటరు 1,150 రూపాయలు, వారానికోసారి పిచికారీ చేయండి." ఆకు మీద కొట్టాల్సిన మందు, ఆకులు తీసేసిన తోటకు రాశారు. ఫొటో తెరిచి చూసినవాళ్లు ఎవరూ ఆ జవాబు రాయరు. నా మనసు విరిగింది అక్కడే.

ఆ తర్వాత ఆ వీడియోను మా అక్క కొడుక్కి వాట్సాప్‌లో పంపాను. వాడు కెనడాలో, ఒంటారియోలో ఉంటాడు. రెండో నిమిషం దగ్గర ఆపి చూడమని వాడే చెప్పాడు. చూశాను. అక్కడ చేతిలో పట్టుకుని చూపించిన ఆకు టమాటాది కాదు. విప్పిన చెయ్యిలాగా ఏడు వేళ్లు, ప్రతి వేలికీ రంపపు పళ్లు. అది గంజాయి ఆకు. టమాటా ఆకును నిద్రలో తాకినా గుర్తుపడతాను. ఆ రోజు వీడియో చూసినప్పుడు తొందరలో ఉండి ఆ ముక్క గమనించలేదు, అది నా తప్పే. కానీ తయారు చేసి, తెలుగు మాటలు జోడించి, రైతులందరికీ పంపిన మీరు ఎలా గమనించలేదు?

కెనడాలో 2018 అక్టోబరు నుంచి గంజాయి చట్టబద్ధం. ఒంటారియోలో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చట. మా వాడు అద్దెకుండే ఇంటి యజమాని కింది గదిలో పెంచుతాడు. గుడ్డతో కట్టిన గుడారం లాంటి పెట్టె, పైన వేలాడే లైటు, లోపల నాలుగు మొక్కలు. 12 గంటలు లైటు, 12 గంటలు చీకటి పెడితే పూత వస్తుంది. వాళ్లకు కావలసింది ఆ పువ్వే. పైనున్న లైటు కదలదు కాబట్టి పై ఆకుల నీడ కింది కొమ్మల మీద పొద్దస్తమానం పడే ఉంటుంది. ఆ ఇరుకులో గాలి ఆడక చెమ్మ నిలిచి పువ్వు కుళ్లుతుంది. అందుకని కొందరు పెద్ద ఆకులు తీసేస్తారు. పూత మొదట్లో ఒకసారి, మళ్లీ 21వ రోజు దగ్గర ఒకసారి. మీ మెసేజ్‌లోని 21 ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

ఇంకో మాట కూడా వాడు చెప్పాడు. ఈ పద్ధతి మీద అక్కడ పెంచేవాళ్లకే ఏకాభిప్రాయం లేదు. ఆకే మొక్కకు వంటిల్లు, దాన్ని పీకేస్తే తిండి వండేదెవరు అని ఒక వర్గం వాదిస్తుంది. ముదురు ఆకులో నత్రజని నిల్వ ఉంటుందని, పూతకు అవసరమైనప్పుడు మొక్క దాన్ని వెనక్కి లాక్కుంటుందని, పసుపు తిరిగి రాలబోయేదాన్ని తీస్తే చాలని వాళ్ల మాట. నాలుగు మొక్కలున్న గదిలో ఇంకా తెగని వాదనను మీరు ఏడువేల మొక్కలున్న నా ఎకరానికి ఖాయమైన సలహాగా పంపారు.

మా సూర్యుడు ఒకచోట వేలాడదీసిన లైటు కాదు. పొద్దున తూర్పు నుంచి ఏటవాలుగా సాలు అడుగు దాకా వెలుతురు వస్తుంది, సాయంత్రం పడమర నుంచి వస్తుంది. నడినెత్తిన ఉన్నప్పుడే కాయకు నీడ కావాలి, ఆ నీడ ఇచ్చేది ఆకు. మా గాలి గుడారంలో ఆగిన గాలి కాదు. ఊతకర్రలకు కట్టి, నాలుగడుగుల ఎడం ఇచ్చిన సాళ్ల మధ్య గాలి దానంతటదే ఆడుతుంది. అన్నిటికన్నా ముందు, మాకు కావలసింది పువ్వు కాదు, కాయ. కాయ పెరిగేది దాని దగ్గర్లోని ఆకులు వండిపెట్టే తిండితోనే. ఏ మొక్కలో ఏది తుంచాలన్నది దాంట్లో మనకు ఏది కావాలన్న దాన్ని బట్టే ఉంటుంది. ప్రకాశం జిల్లా రైతుకు పొగాకులో ఆకు కావాలి, అందుకే పూత వచ్చిన తల తుంచుతాడు. మా పక్క పొలంలో మల్బరీ ఆకు కోస్తారు, పట్టుపురుగుకు కావలసింది అదే కాబట్టి. మునగ మొక్క రెండున్నర అడుగులు దాటగానే చిగురు గిల్లితే పక్క కొమ్మలు వేసి కాయ ఎక్కువ కాస్తుంది. ఇవన్నీ తెలిసిన రైతుల దగ్గరికి మీరు సలహా పట్టుకొచ్చారు.

టమాటాలో ఆకు అసలు తీయకూడదని నేను అనడం లేదు. నేలకు తగిలే అడుగు ఆకులు తీస్తాం, ఎందుకంటే వాన చినుకుకు మట్టి చింది ఆకుమాడు తెగులు ముందు అక్కడే ఎక్కుతుంది. మొదటి గుత్తి కిందున్న పక్క పిలకలు లేతగా ఉండగానే గిల్లేస్తాం. పాలీహౌస్‌లో తీగలాగా పైకి పాకే రకాలకు, పండిన గుత్తి కింద ఆకులు వారానికి రెండో మూడో చొప్పున తీస్తారు. దానికీ పద్ధతి ఉంది. పొద్దున మంచు ఆరాక తీయాలి, ఒక సాలు నుంచి ఇంకో సాలుకు వెళ్లే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మొజాయిక్ వైరస్ చేతుల మీదుగా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు అంటుకుంటుంది. మీ నాలుగు నిమిషాల వీడియోలో చేతులు కడుక్కోమన్న ఒక్క మాట లేదు. ఏ రకం, బయట పొలమా పాలీహౌస్‌నా, ఏ నెల అని అడిగిందీ లేదు.

ఆ ఆకు బొమ్మ విషయంలో నాకు ఇంకో టెన్షన్ ఉంది. మన దేశంలో 1985 మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. 2021లో విశాఖ ఏజెన్సీలో పోలీసులు వేల ఎకరాల గంజాయి తోటలు నరికించిన సంగతి టీవీల్లో అందరం చూశాం. అలాంటి మొక్కను పెంచే వీడియో ముక్క నా ఫోన్‌లో, మా ఊళ్లో ఇంకా పదిమంది ఫోన్లలో మీ పేరుతో ఉంది. మా ఆయన వెంటనే తీసేయమన్నాడు. సాక్ష్యం కోసం ఉంచుకున్నాను.

నేను మీ నుంచి కోరేవి ఇవి. ముందు ఆ వీడియోను, ఆ 21వ రోజు మెసేజ్‌ను ఈ వారంలోనే తీసేయాలి. ఇప్పుడు వేసవి టమాటా వేసిన రైతులు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ల పూత తేదీకి లెక్కకట్టి అదే మెసేజ్ రేపు వాళ్లకూ వెళ్తుంది. నా డబ్బు సంగతి తర్వాత చూడండి, ముందు అది ఆపండి. మీ సలహా తప్పని చదువురాని వాళ్లకు కూడా అర్థమయ్యేలా అందరికీ వాయిస్ మెసేజ్ పంపాలి. ఆపైన, మీ వ్యవసాయ నిపుణుడు ఒకరు మా పొలానికి వచ్చి 7 సాళ్లు, 33 సాళ్లు పక్కపక్కన చూసి నష్టం రాసుకోవాలి. తోట ఇంకో మూడు వారాలు ఉంటుంది, ఆ లోపలే రావాలి. కూలీ 6,400, చందా 2,400, అమ్ముడుపోని బాక్సులకు ఆ రోజు మార్కెట్ ధర, ఈ మూడూ చెల్లించాలి. పట్టీలు, ఫొటోలు, ఫోన్ కాల్ తేదీలు నా దగ్గర ఉన్నాయి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్తాను. ఐదు లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు లేదని కనుక్కున్నాను.

వచ్చే నిపుణుడు మధ్యాహ్నం రెండు గంటలకు రావాలని నా మనవి. ఆ వేళకు సాళ్ల మధ్య నిలబడితే ఎండ ఏ కాయ మీద పడుతోందో ఆయనకే కనిపిస్తుంది.

ఇట్లు,
మీ యాప్‌కు చందా కట్టిన టమాటా రైతు,
మదనపల్లె మండలం

జత చేసినవి: రెండు రకాల సాళ్ల ఫొటోలు, మార్కెట్ పట్టీలు, మార్చి 29 నాటి మెసేజ్, మీ కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబు.