నార పేరుతో అమ్మితే నార ఎంతో చెప్పాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ‘పైనాపిల్ ఆకులతో చేసిన తోలు’ అని రాసి ఉంటే మనసుపడి ఓ చేతిసంచి కొన్నాను. ఏడాది తిరక్కుండానే మడతపడే చోట పైపొర పొట్టులా లేచింది. గోరుతో గీకితే పల్చటి ప్లాస్టిక్ ఊడొచ్చి, కింద దూదిలాంటి నార కనిపించింది. లేబుల్ మీద ఆ ప్లాస్టిక్ ఊసే లేదు. అడిగితే, తడి తగలకుండా పూత వేయక తప్పదన్నారు. తప్పదేమో, కానీ ఆ మాట కొనేముందు చెప్పాలి కదా!

డబ్బు పోయిందన్న దానికంటే, నారకు చెడ్డపేరు వస్తుందన్న బాధే నాకు ఎక్కువ. పైనాపిల్ పంట తీసేశాక ఆకు గుట్టలుగా మిగిలిపోతుంది. చాలాచోట్ల తగలబెట్టేస్తారు. వేరే నేల, వేరే నీళ్లు అడగకుండా దొరికే నార అది. అయితే తీయడం తేలిక కాదు. వంద కిలోల పచ్చి ఆకుకు రెండు మూడు కిలోల ఎండు నార వస్తుందంతే. కిత్తనారదీ ఇంచుమించు అదే లెక్క, ఆకు బరువులో 4 శాతం. ఫిలిప్పీన్స్‌లోని అక్లాన్‌లో విరిగిన పింగాణీ పళ్లెం ముక్కతో ఆకు మీది పచ్చటి కండ గీకేసి, నారను కడిగి ఆరబెట్టి, ఒక్కో పోగు కొసకు ఇంకో పోగు ముడివేసుకుంటూ పోతారు. ముడి కంటికి ఆనకూడదు, మగ్గం మీద తెగకూడదు. ఆ నేతను 2023లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అంత ఓపిగ్గా నేసిన బట్టకీ, పాలిస్టర్‌లో చిటికెడు నార కలిపిన బట్టకీ అంగట్లో ఒకటే పేరుంటే, చేతులు అరగదీసుకున్నవాళ్లకు దక్కేదేమిటి?

బట్టల్లో ఏ పోగు ఎంతుందో రాయాలన్న నిబంధన చాలా దేశాల్లో ఉంది. సంచులు, పర్సుల దగ్గరికొచ్చేసరికి పట్టు సడలుతోంది. యూరోపియన్ యూనియన్‌లో 2011 నాటి నిబంధననే తీసుకోండి. ప్రధానంగా, బరువులో 80 శాతానికి తగ్గకుండా జౌళి పోగులున్న సరుకులకే ఆ లేబుల్ వర్తిస్తుంది. జిగురు, పూత దండిగా పట్టించిన వస్తువు ఆ గీత కిందినుంచి జారుకోవచ్చు. ‘మొక్కల నుంచి తయారైంది’ అన్న మాటా చాలదు. మొక్కజొన్న పిండితో చేసిన ప్లాస్టిక్‌కీ ఆ మాట చెల్లుతుంది, అది మాత్రం నార కాదు.

ఆకు నార పేరు చెప్పి అమ్మే ప్రతి వస్తువు మీదా అందులో నార ఎంత శాతమో, కలిపింది ఏమిటో, పైపూత దేనిదో రాయించాలి. అదీ అడుగున చిన్న అక్షరాల్లో వద్దు, పేరు పక్కనే ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు