‘దోమను తట్టుకునే రకం’ అని రాస్తే చాలదు

సంపాదకులకు,

కొత్త వరి వంగడం గురించి చెప్పేటప్పుడు ‘సుడిదోమను (వరి కాండం నుంచి రసం పీల్చే చిన్న పురుగును) తట్టుకుంటుంది’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఏ జన్యువు వల్ల తట్టుకుంటుంది, ఎక్కడి దోమ మీద పరీక్షించారు అన్నది మాత్రం రైతుదాకా రాదు. అసలు తెలియాల్సింది అదే.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన ఐఆర్ 26 రకం 1973లో విడుదలైంది. దాని బలమంతా బీపీహెచ్ 1 అనే ఒక్క జన్యువు. రెండు మూడేళ్లకే ఆ మొక్కను తిని బతకగల దోమలు పెరిగి, చేలు సుడులు సుడులుగా ఎండిపోయాయి. 1976లో బీపీహెచ్ 2తో ఐఆర్ 36 వచ్చింది, దోమ దానికీ అలవాటుపడింది. అయితే 1985 నాటి ఐఆర్ 64లోనూ ప్రధాన జన్యువు బీపీహెచ్ 1నే, కానీ అది అంత తొందరగా లొంగలేదు. దాని వెనక చిన్నపాటి ప్రభావం చూపే జన్యువులు మరికొన్ని ఉన్నాయి. ఈ తేడాను ఎంత చెప్పినా తక్కువే.

ఇక పరీక్ష. ట్రేలో వరసలుగా విత్తి, 10–12 రోజుల నారు మీద మొక్కకు 8–10 చొప్పున పిల్లదోమలను వదులుతారు. ఏ రక్షణా లేని టీఎన్ 1 అనే రకం పసుపుబారి, వాడి, కొద్దిరోజుల్లో నేలకు ఒరిగిపోతుంది. పక్క వరసలో దోమను బాగా తట్టుకునే పీటీబీ 33 రకం పచ్చగా నిలబడే ఉంటుంది. టీఎన్ 1 దాదాపు 90 శాతం చచ్చాక మిగతా వరసలకు 0 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు, 9 అంటే పూర్తిగా పోయినట్టు. పద్ధతి మంచిదే. కానీ ఏళ్లతరబడి నెట్‌హౌస్‌లో (వల కప్పిన గదిలో) టీఎన్ 1 మీదే పెంచిన దోమను వాడితే, పొలంలోని దోమ ఏ జన్యువును దాటేసిందో తెలియదు. పైగా నారుగా ఓడినా, పిలకల దశలో నిలదొక్కుకునే రకాలు ఈ పరీక్షలో అన్యాయంగా పక్కకు పోతాయి.

వరిని ఆశించే మరో పురుగు ఉల్లికోడు సంగతీ ఇంతే. దాన్ని ఆపే జీఎం 2 జన్యువున్న ఫల్గుణ రకం శ్రీకాకుళం ప్రాంతపు ఉల్లికోడు ముందు నిలవలేదు.

అందుకే రెండు మూడు జన్యువులను ఒకే రకంలో పేర్చాలి. బీపీహెచ్ 3 కోసం శ్రీలంక ఎర్రబియ్యపు రకం రతు హీనటిని వాడితే, మొదటి సంకరంలో సగం వాటా దానిదే. మంచి రకంతో నాలుగుసార్లు తిరిగి కలిపితే ఆ వాటా సగటున 3 శాతానికి దిగుతుంది, జన్యువుకు అంటుకుని ఉన్న ముక్క మాత్రం మొండిగా వెంట వస్తుంది. మొక్కలో ఏ జన్యువు ఉందో చూపే డీఎన్ఏ మార్కర్లు (గుర్తులు) లేకుండా ఈ పని కష్టం. ఒక్క జన్యువున్న మొక్కా, రెండున్న మొక్కా ట్రేలో ఒకేలా పచ్చగా కనిపిస్తాయి మరి.

కాండం తొలిచే పురుగును గట్టిగా ఆపే జన్యువు సాగు వరిలో ఇంతవరకు దొరకలేదు. కాబట్టి ‘అన్ని పురుగులనూ తట్టుకుంటుంది’ అనే మాటను ఎవరు చెప్పినా నమ్మకూడదు.

విడుదల పత్రంలోనూ విత్తన సంచి మీదా జన్యువుల పేర్లు, పరీక్షలో వాడిన పురుగు ఏ ప్రాంతానిది, ఏ ఏడాది పరీక్షించారు, ఎన్ని మార్కులొచ్చాయి అన్న నాలుగు వివరాలు అచ్చువేయాలని విత్తన చట్టాలు చూసేవారిని కోరుతున్నాం.

— వరి ప్రజననంలో పనిచేసే పాఠకులు